గోపాలన్ పేపర్లు చదివే బిడ్డకు

బిడ్డా,

ఎం.ఎస్సీ. ప్రాజెక్టుకు పోషకాహార శాస్త్రవేత్త డాక్టర్ సి. గోపాలన్ పెల్లగ్రా (నియాసిన్ అనే విటమిన్ తక్కువై వచ్చే రోగం) పేపర్లు తీసుకున్నవని విని సంబురమైంది. కానీ ఇరవై పీడీఎఫ్‌లు దించుకొని, ఒక్కోదాని మొదటి పేరా చూసి ఎత్తిరాస్తున్న అన్నవ్ చూడు, అక్కడ గుండెల రాయి పడ్డది. ఇన్నేండ్లు బయోకెమిస్ట్రీ లాబుల పరీక్షనాళికలు కడిగినోన్ని, జర చెప్పనియ్యి.

ముందుగల వాటిని సంవత్సరాల వారీగ పేర్చు. కథ గోపాలన్‌తోని షురూ కాలేదు. 1937ల ఎల్వెజెమ్ అనే అమెరికా ఆయన కుక్కలకొచ్చే నల్లనాలుక రోగాన్ని (మనుషుల పెల్లగ్రా అసొంటిదే) నికోటినిక్ ఆమ్లంతోని నయం చేసిండు. మనం నియాసిన్ అనేది అదే. ప్రోటీన్లల్ల ఉండే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి గూడ ఒంట్ల నియాసిన్ తయారైతదని 1945ల ఎలుకల మీద తేలింది. తర్వాత లెక్కలు గట్టిండ్రు: 60 మిల్లీగ్రాములకు సుమారు ఒక మిల్లీగ్రాము. మొక్కజొన్నల ట్రిప్టోఫాన్ తక్కువ, ఉన్న నియాసిన్ గూడ ఒంటికి పట్టని రూపంల ఉంటది. అందుకే అది తిని బతికేటోల్లకు పెల్లగ్రా.

మరి జొన్న? జొన్నల ట్రిప్టోఫాన్ అంత తక్కువ గాదు. అయినా రొట్టె, గటుకతోనే రోజులు ఎల్లదీసే మనోల్లకు ఆ రోగం వచ్చేది. నా చిన్నప్పుడు దేవరకొండ దిక్కు ఒక అవ్వను చూసిన. మెడచుట్టు కంటె పెట్టినట్టు నల్లమచ్చ. ముంజేతుల తోలు ఎండిన చెరువు లెక్క పర్రెలు బాసింది, గాజుల కింద మాత్రం మామూలు రంగే. ఎండ తగిలిన కాడనే వస్తది అది. పుస్తకాలల్ల ఆ మెడ మీది మచ్చను కేసల్ హారం అంటరు. చర్మం, విరేచనాలు, మతిచెడుడు అని నువ్వు వరుసగ రాసేటప్పుడు ఆ చెయ్యి యాదికుండాలె.

ఈ ముడి విప్పెటందుకే 1960ల గోపాలన్, శ్రీకంఠయ్య లాన్సెట్ అనే వైద్య పత్రికల రాసిండ్రు: జొన్నల లూసిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం ఎక్కువ, అదే నియాసిన్ పనికి అడ్డం పడ్తున్నదని. గోపాలన్ పనిచేసిన పోషకాహార పరిశోధన సంస్థ కూనూరు నుంచి హైదరాబాదుకు వచ్చింది 1958ల, పేపరు రెండేండ్లకు. ఇటు రాకుంటే జొన్న తినే రోగులు ఆయన కండ్లవడకపోయేటోల్లేమో. ఇది నా ఊహ, ప్రాజెక్టుల రాయకు.

ఇగ అసలు మాట. పేపరు చేతికి రాంగనే ఫలితాలకు ఉరుకకు, పద్ధతుల భాగం పట్టు. ఎంతమంది, ఏం తిన్నరు, ఎన్నిరోజులు, మూత్రం ఎట్ల పట్టిండ్రు? కొలువు కొత్తల నేనొక రోగి 24 గంటల మూత్రంల ఎన్-మిథైల్ నికోటినమైడ్ (నియాసిన్ ఒంట్ల మారి బయటికి పోయే రూపం) కొలిచి, బాగ తక్కువొస్తే లోపమని రాసి సంతకం పెట్టిన. తెల్లారి ఆయన భార్య వచ్చి, “రాత్రి డబ్బా నిండింది సారూ, సగం పారబోసిన” అన్నది. రోజూ మూత్రంల దాదాపు ఒకే లెక్కన పోయే క్రియాటినిన్ చూసుకుంటే అక్కడనే దొరికేది. ఆ సంతకం యాదికొస్తే ఇప్పటికీ సిగ్గైతది. మంది పేపర్లల్ల గూడ అసొంటి సగం డబ్బాలుంటయి, ఎతుకు.

గోపాలన్ లాబుల కుక్కలకు లూసిన్ పెడితే నల్లనాలుక వచ్చింది. తర్వాత వేరేటోల్లు చేస్తే రాలేదు. ఈ పంచాయితీని కప్పిపెట్టకు. “మన పెద్దాయనను తప్పువట్టినట్టైతది” అని నసిగినవ్ గద ఫోన్ల, ఏం కాదు. అటు పేపరు, ఇటు పేపరు పక్కపక్కన పెట్టి తిండిల నియాసిన్ ఎంత, లూసిన్ ఎంత, ఎన్నిరోజులు అని మూడు గడులు గీయి. తేడా ఏడున్నదో గడులల్లనే కనవడ్తది.

హార్మోన్ల ముచ్చట గూడ ఇడువకు. ట్రిప్టోఫాన్ నియాసిన్‌గ మారే దారిల కైనురెనినేజ్ అనే ఎంజైముకు విటమిన్ బి6 కావాలె. ఈస్ట్రోజన్ అనే ఆడోల్ల హార్మోను ఆ ఎంజైమును అణుస్తదని, ఆడోల్లకు పెల్లగ్రా ఎక్కువొచ్చుడుకు అదొక కారణమని కొందరి వాదన. వాదన అనే రాయి, రుజువైందని రాయకు.

ఇంకొకటి. జొన్న తింటే పెల్లగ్రా అని ఏడ గూడ రాయొద్దు. షుగర్ వచ్చి పాలమూరు బస్టాండు కాడ జొన్నరొట్టె కొనుక్కునేటోల్లు బెదురుతరు. పప్పు, పాలు, ఇంత మాంసం తోడుంటే ఏం గాదు. ఆ అవ్వకు అవే లేకుండె.

దసరాకు వచ్చేటప్పుడు ఆ మూడు గడుల కాయితం తీసుకరా. పెన్సిలుతోని గీసిందే, టైపు చెయ్యకు.

మీ పెద్దనాయిన