బైక్ సీట్లు, కాన్వాస్ తాడిపత్రులు కుట్టడానికి సెకండ్ హ్యాండ్ మిషన్: ఏం చూసి కొనాలె?

సిరిసిల్లల రెడీమేడ్ యూనిట్ తీసేసిన జుకీ డీడీఎల్-8700 తక్కువకు వస్తున్నది, హన్మకొండ షాపుల దానిమీద బైక్ సీటు కవర్లు, కాన్వాస్ తాడిపత్రులు కుట్టొచ్చా అని అడిగిండ్రు. కొనకండి. మిషన్ చెడ్డదని కాదు, అది షర్టుల పనికి చేసింది. దాంట్ల కింది పళ్ళు మాత్రమే బట్టను జరుపుతయి. రెగ్జిన్, ఫోమ్, అడుగు గుడ్డ కలిపి పెడితే కింది పొర ముందు పోతది, పైది ఫుట్‌కు, అంటే బట్టను పైనుంచి అదిమే పాదానికి, అంటుకొని వెనకపడతది. మీటరు కుట్టేసరికి అంచులు కలవవు. టెఫ్లాన్ ఫుట్ వేస్తే రెండు పొరల రెగ్జిన్ దాకా నడుస్తది, అంతే. ఎంత పెద్ద మోటారు బిగించినా ఇది మారదు.

మీకు కావాల్సింది వాకింగ్ ఫుట్, అంటే పైన అదిమే ఫుట్ కూడా బట్టను జరిపే మిషన్, అదీ సూది కూడా బట్టతో జరిగే రకం. జుకీ డీఎన్‌యూ-1541, పాతవాటిల్ల ఎల్‌యూ-563, సింగర్ 111డబ్ల్యూ155 ఈ జాతివే. అమ్మేటాయన మాట పక్కనపెట్టి వీల్ చేత్తో తిప్పి చూడండి. లోపలి ఫుట్, బయటి ఫుట్ ఒకదాని తర్వాత ఒకటి లేవాలె. సూది బట్టల ఉండంగనే పళ్ళతో పాటు వెనక్కి పోవాలె. సూది నిలువుగా మాత్రమే కదుల్తుంటే అది మీకు కావాల్సింది కాదు.

అసలు ఖర్చు దాగేది హుక్ దగ్గర, అంటే ప్లేట్ కింద తిరుగుతూ సూది దారాన్ని పట్టి కింది దారంతో కలిపే భాగం దగ్గర. ప్లేట్ తీసి వీల్ తిప్పండి. సూది అడుగుకు పోయి 2 నుంచి 2.5 మి.మీ. పైకి లేచేసరికి హుక్ మొన సూది కన్నుకు కొంచెం పైన కలవాలె. సూదికీ మొనకూ మధ్య కాగితం మందానికి మించి సందు ఉండొద్దు. టైమింగ్ తప్పితే మెకానిక్ కూర్చుని సరిచేస్తడు. మొన మొద్దుబారితే మాత్రం కుట్లు దాటేస్తనే ఉంటది, హుక్ మార్చుడే. పాత మోడల్‌కు అది దొరుకుతదో లేదో ముందే కనుక్కోవాలె. ప్లేట్ రంధ్రం చుట్టూ సూది గీతలుంటే దారం తెగుతది, చిన్నవైతే సన్న ఎమరీ పేపర్‌తో పోతయి. సూది బార్ పక్కలకు ఊగొద్దు. కుట్టు పోయే దిక్కు కొంచెం ఆడుడు ఈ రకానికి మామూలే, దానికి భయపడకండి.

సన్న గుడ్డ మీద కుట్టి చూపిస్తే ఏం తెల్వదు. మీ రెగ్జిన్, ఫోమ్, నవారు, కాన్వాస్ మడతలు, మీ దారం మీరే పట్టుకపోండి. కొత్త సూది వేయించండి: 1541కు డీపీ×17, షర్టు మిషన్ల డీబీ×1 కాదు. రెండు పొరల నుంచి ఆరు పొరల మీదికి ఎక్కించి దించండి. ఆ మెట్టు దగ్గరే కుట్టు దాటుడు, పొట్టిగైపోవుడు బయటపడతయి. రివర్స్ వేస్తే సూది పాత రంధ్రాలల్లనే పడాలె.

టెక్స్ అంటే దారం మందం లెక్క, నంబర్ పెరిగితే దారం మందం. టెక్స్ 70 దారానికి 18 నంబర్ సూది, టెక్స్ 90కి 20 లేదా 21, టెక్స్ 135కు 22 లేదా 23. సన్న సూదిల మందం దారం ఎక్కిస్తే పోగులు లేస్తయి, నింద మిషన్ మీద పడతది. ఎండల ఉండే సీట్లకు, తాడిపత్రులకు పాలిస్టర్ దారమే వాడండి, నైలాన్ ఎండకు తొందరగ పుచ్చిపోతది. లెదర్ సూది కాన్వాస్‌కు వద్దు, పోగులను కోస్తది.

మోటారు ప్లేటు మీద 415 వోల్టులుంటే అది త్రీ ఫేజ్, ఇంటి కరెంటుకు నడవదు. ఎప్పుడూ ఫుల్ స్పీడుల తిరిగే క్లచ్ మోటారు 2,850 ఆర్పీఎందైతే మందం సరుకు మీద నెమ్మదిగా నడపలేరు. స్పీడు తగ్గించుకోగలిగే 750 వాట్ల సర్వో మోటారు, చిన్న పుల్లీ, దానికి తగ్గ పొట్టి బెల్టు వేసుకుంటే మెల్లగ పోయినా సూది బలంగ దిగుతది. ఆ ఖర్చును బేరంల తగ్గించుకోండి.

రైస్ మిల్లులల్ల బస్తా మూతి కుట్టే చేతి మిషన్ చౌకగ దొరుకుతది కదా అని తాడిపత్రికి వాడేటోళ్ళున్నరు. అది ఒంటి దారం గొలుసు కుట్టు. ఒక్క కొస చిక్కి లాగితే మూర మూర ఊడొస్తది, బస్తాకు కావాల్సిందే అది.