కొత్త లెన్సుతో అనంతగిరికి వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవికి అత్తయ్య ఆశీస్సులు.

దూరపువాటిని దగ్గరగా చూపే 100–400 మి.మీ. జూమ్ లెన్సు కొన్నావని, వచ్చే ఆదివారం దాన్ని భుజాన వేసుకుని వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో నడవబోతున్నావని మీ అమ్మ చెప్పింది. ఏమేమి ఫొటోలు తీయాలో నన్ను అడగమని నీకు పురమాయించిందట కూడా. అలాంటి జాబితా నేను ఇవ్వను. ఆ రోజుకు పూసిన చెట్టు ఒక్కటి చాలు. ఎందుకో చెబుతాను. కాస్త పెద్ద ఉత్తరమే, ఓపిగ్గా చదువు.

బయలుదేరే లోపు ఇంట్లో ఒక పని ఉంది. వార్తాపత్రిక పెద్ద పేజీని గోడకు సమంగా అతికించి, కెమెరాను ట్రైపాడ్ మీద గోడకు ఎదురుగా, ఎటూ ఒరగకుండా నిలబెట్టు. లెన్సులో చేతి వణుకును సర్దే స్థిరీకరణ మీట ఆపేసి, టైమర్ పెట్టి, 100 దగ్గర, 400 దగ్గర తలా ఒకటి తీయి. కంప్యూటర్లో పెద్దవి చేసి నాలుగు మూలలూ చూడు. మధ్యలో కంటే మూలల్లో అక్షరాలు కొంచెం మెత్తగా ఉండటం మామూలే. మూడు మూలలు బాగుండి ఒక్కటే అలికేసినట్టు ఉంటే మళ్లీ తీసి చూడు. రెండోసారీ అలాగే వస్తే లోపలి అద్దం ఏదో పక్కకు జరిగినట్టే. గడువు దాటకముందే తిరిగి ఇచ్చెయ్. దుకాణంలో లెన్సుతోపాటు అంటగట్టే చవక గాజు ఫిల్టర్ ఉంటే దాన్ని పెట్టెలోనే ఉండనీ. విశాలంగా చూపే వెడల్పు లెన్సు మీద దాని లోపం అంతగా తెలియదు, 400 దగ్గర బయటపడుతుంది. ముందువైపు హుడ్ మాత్రం ఎప్పుడూ తగిలించి ఉంచు. అది ఎండనూ ఆపుతుంది, దెబ్బనూ కాస్తుంది.

సాయంత్రాలు మేడ మీద కాకులతో, పావురాలతో సాధన చెయ్. పొడవు లెన్సుతో కొత్తవాళ్లకు వచ్చే మొదటి చిక్కు పిట్టను కనిపెట్టడమే. కంటికి కనిపిస్తుంది, కెమెరాలో చూస్తే ఆకాశం తప్ప ఏమీ ఉండదు. చూపు పిట్ట మీదే ఉంచి, తల కదపకుండా కెమెరాను కంటి దగ్గరికి తీసుకురా. మొదట 100 దగ్గర పట్టుకుని, తర్వాత 400కు తిప్పు. చేతికి అలవాటయ్యేది ఇదొక్కటే, చదివితే రాదు.

ఇక అడవి సంగతి. పంచాంగంలో వసంతం చైత్రంతో మొదలైనా మన దక్కను అడవిలో ఫాల్గుణం నాటికే వచ్చేసి ఉంటుంది. ఆకులు రాలిపోయి, కొమ్మలు బోసిగా ఉండి, పూలు మాత్రం మిగిలే రోజులవి. మోదుగ నారింజ రంగులో, బూరుగ ఎర్రగా, కొండగోగు పసుపుపచ్చగా పూస్తాయి. నువ్వు మోదుగనే ఎంచుకో. దాని పువ్వుకు వాసన ఉండదు, తేనె మాత్రం దండిగా ఉంటుంది. అది పిలిచేది పిట్టలనే. గోరింకలు, పిగిలిపిట్టలు, రామచిలుకలు, తేనెపిట్టలు, అప్పుడప్పుడు ఉడతలు కూడా వస్తాయి. ఆకు అడ్డం ఉండదు కాబట్టి కొత్త లెన్సుకు ఇంతకంటే సులువైన వేదిక దొరకదు.

ఒక్క చెట్టు అని ఎందుకు అంటున్నానంటే, పొడవు లెన్సు చేతికి రాగానే పిట్టల వెంట పడాలనిపిస్తుంది. ఎండుటాకుల మీద నీ అడుగుల చప్పుడు అడవంతా వినిపిస్తుంది. నువ్వు వెళ్తుంటే అవి వెళ్తుంటాయి, నీ దగ్గర మిగిలేవి తోకల ఫొటోలు. చెట్టుకు పదిహేను ఇరవై మీటర్ల దూరంలో కదలకుండా కూర్చుంటే కాసేపటికి అవే తిరిగి వస్తాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. చెట్టూ మారదు, దూరమూ మారదు, వెలుతురు కూడా కాసేపు అలాగే ఉంటుంది. అప్పుడు ఫొటోలో ఏ తేడా వచ్చినా అది నువ్వు మార్చిన అమరిక వల్ల వచ్చినదే. లెన్సు ఏమి చేయగలదో, ఎక్కడ తడబడుతుందో ఆ ఉదయమే తెలిసిపోతుంది. నాలుగు కిలోమీటర్లు తిరిగి నలభై రకాల వెలుగులో తీస్తే తప్పు నీదో, లెన్సుదో, ఎండదో నెలలు గడిచినా తేలదు.

మార్చి నడుమ మనకు సుమారు ఆరున్నరకు పొద్దు పొడుస్తుంది. హైదరాబాద్ నుంచి చీకటితోనే బయలుదేరు. చెట్టుకు తూర్పు వైపున కూర్చో, ఎండ నీ వీపు మీద పడాలి. తేనెపిట్ట మగది ఈ కాలంలో ఊదా నీలాల మెరుపుతో ఉంటుంది. ఆ మెరుపు రంగు పూసినట్టుగా ఉండేది కాదు, ఈకల నిర్మాణం మీద వెలుగు పడి తిరిగివచ్చే తీరును బట్టి పుడుతుంది. అందుకే ఎండకు ఎదురుగా తీస్తే అదే పిట్ట బొగ్గుముక్కలా కనిపిస్తుంది.

షట్టర్ విషయంలో పాత లెక్క ఒకటి ఉంది. లెన్సు పొడవు, అంటే 400 అన్న ఆ అంకె, ఎంతో సెకనులో అన్నో వంతు సేపే షట్టర్ తెరుచుకోవాలి. నీ కెమెరాలో వెలుతురును పట్టే సెన్సర్ చిన్నది కాబట్టి ఒకటిన్నరతో హెచ్చించుకో, 400 కాస్తా 600 అవుతుంది. స్థిరీకరణ ఉందిగా, 1/100కే తీయవచ్చని అంటారు. ఆగి ఉన్న కొమ్మకు అది నిజమే. స్థిరీకరణ నీ చేతి వణుకును ఆపుతుంది, పిట్ట మెడ తిప్పడాన్ని ఆపలేదు. కూర్చున్న పిట్టకు 1/1000, ఎగిరేదానికి 1/2000 దగ్గర మొదలుపెట్టు. వెలుతురుకు సెన్సర్ ఎంత స్పందించాలో చెప్పే ఐఎస్ఓ 1600 అయినా, 3200 అయినా భయపడకు. ఫొటోలో గరుకు ఉంటే తర్వాత తగ్గించుకోవచ్చు, అలికిన కన్నును ఎవరూ బాగుచేయలేరు. పిట్టలు లేని వేళ ఒకే పూలగుత్తిని 1/250, 1/500, 1/1000తో వరసగా తీయి. ఆ తర్వాత వెలుతురు లోపలికి వచ్చే కంత, అదే అపర్చర్, పూర్తిగా తెరిచి ఒకటి, కాస్త మూసి ఎఫ్ 8 దగ్గర ఒకటి. 400 చివర చాలా జూమ్ లెన్సులు ఎఫ్ 8కు కాస్త పదునెక్కుతాయి. నీది ఎక్కుతుందా, ఎక్కితే అంత వెలుతురు వదులుకోవడానికి తగినంత ఎక్కుతుందా అన్నది నువ్వే చూసుకోవాలి.

మోదుగ దగ్గర ఒక ఇరకాటం ఎదురవుతుంది. నారింజ రంగు కెమెరాను మోసం చేస్తుంది. మొత్తం వెలుతురు సరిగ్గానే ఉన్నట్టు చూపిస్తూ ఎరుపు ఒక్కటే హద్దు దాటి, రేకల మడతలన్నీ పోయి, ముద్దగా మారుతుంది. వెలుతురు పంపకాన్ని గీసి చూపే హిస్టోగ్రామ్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగులూ విడివిడిగా చూడు. పూలే తీస్తున్నప్పుడు వెలుతురు అర స్టాపు నుంచి ఒక స్టాపు వరకు తగ్గించు (ఒక స్టాపు తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది). అదే పూల మీద నల్లని తేనెపిట్ట వాలితే పెంచాలనిపిస్తుంది. రెండూ ఒకేసారి కుదరవు. నేనైతే పూలను కాపాడుకుంటాను, సెన్సర్ పట్టిందంతా ఉన్నదున్నట్టు దాచే రా ఫైలులో నీడను తర్వాత లేపుకోవచ్చు, పోయిన ఎరుపు తిరిగి రాదు. ఇంకొకరు పిట్టే ముఖ్యమంటారు. ఆకాశం వెనకగా ఉన్న పిట్టకు మాత్రం వాదన లేదు, ఒక స్టాపు పైగా పెంచాల్సిందే.

ఫోకస్‌కు ఒకే బిందువు వాడు. బోసి కొమ్మల మధ్య కెమెరా తెలివితేటలు ముందున్న పుల్లనే పట్టుకుంటాయి. లెన్సు పక్కన దూరం పరిమితి మీట ఉంటే దగ్గరి దూరాలను మినహాయించే వైపు పెట్టు, వెతుకులాట తగ్గుతుంది.

తొమ్మిదిన్నర, పది దాటాక దూరపు కొమ్మలు వదిలెయ్. నేల వేడెక్కి గాలి వణుకుతుంది, ఎంత ఖరీదైన లెన్సు అయినా ఆ గాలిలోంచే చూడాలి. ఏసీ కారులోంచి అప్పుడే దింపిన లెన్సు కూడా కాసేపు మసకగానే తీస్తుంది, పొద్దున్నే కారు అద్దాలు దించుకుని వెళ్లు. ఎండ ముదిరాక రాలిన మోదుగపూలు, చెట్టు బెరడు, సీతాకోకచిలుకలు తీసుకో. రాయి మీద తలాడించే తొండ దొరికితే ఇంకా మంచిది. మగ తొండలకు ఈ కాలంలో మెడ ఎర్రబడటం మొదలవుతుంది. లెన్సు ఎంత దగ్గరి వరకు ఫోకస్ చేస్తుందో అప్పుడే తెలుస్తుంది.

మోసేటప్పుడు కెమెరాను పట్టుకుని లెన్సును వేలాడనీయకు, లెన్సు కింద ట్రైపాడ్‌కు బిగించే పాదాన్ని పట్టుకో, లేకపోతే బరువంతా లెన్సు తగిలించే కెమెరా మూతి మీద పడుతుంది. దారి తెరిచి ఉందో లేదో అటవీ శాఖవారిని ముందే అడుగు. అక్కడి గుడి చుట్టుపక్కల కోతులు ఉంటాయి, సంచి జిప్పు వేసే ఉంచు. కొండ తేనెపట్టు కనిపిస్తే దూరంగా జరిగిపో, అత్తరు పూసుకుని అసలే వెళ్లకు. గూళ్ల జోలికి పోవద్దు. ఫోనులో పిట్టకూత వినిపించి మగపిట్టను రప్పించే అలవాటు ఇప్పుడు చాలామందికి ఉంది, నాకు మహా చిరాకు. జతకట్టే కాలంలో దాన్ని లేని శత్రువు మీదికి ఉసిగొల్పడం అది. అగ్గిపుల్ల సంగతి నీకు చెప్పనక్కర్లేదు, ఎండుటాకుల అడవి.

తీసినవి వాట్సాప్‌లో పంపకు, కుదించి పాడుచేస్తుంది. చెడిపోయినవి కూడా తుడిచేయకుండా రా ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో ఉంచు. కొమ్మా పిట్టా ఒకే దిక్కుకు సాగి ఉంటే నీ చెయ్యి కదిలింది. కొమ్మ పదునుగా ఉండి పిట్ట అలికి ఉంటే షట్టర్ చాలలేదు. పిట్ట మెత్తగా ఉండి ముందో వెనకో ఉన్న పుల్ల పదునుగా ఉంటే ఫోకస్ తప్పింది. అన్నింట్లోనూ ఒకే పక్క అలికి ఉంటే మళ్లీ ఆ వార్తాపత్రిక పరీక్ష చెయ్. మొదట నువ్వే ఈ నాలుగు రకాలుగా విడదీసి పెట్టు. ఉగాదికి ఎలాగూ వస్తావు కదా, మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ అత్తయ్య