ఉన్నట్టుండి బిగుసుకునే స్టీరింగ్

ప్రశ్న: మా పాత కారు స్టీరింగ్ అప్పుడప్పుడు బిగుసుకుపోయి, డ్యాష్‌బోర్డుపై స్టీరింగ్ గుర్తున్న లైటు వెలుగుతోంది. ఇంజను ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలవుతోంది. మెకానిక్ స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ చక్రం కింది కడ్డీ, దానికి అమర్చిన భాగాలు) మొత్తం మార్చాలంటున్నారు. మార్చాలా? — ఒక పాఠకుడు, కావలి

జవాబు: తొందరపడకండి. ఆ లైటును బట్టి మీది బహుశా ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్, అంటే తిప్పడానికి కరెంటు మోటారు సాయపడేది. నెమ్మదిగా వెళుతూ చక్రాలు తిప్పేటప్పుడు దాని మోటారు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది కనుక, ఆ క్షణంలో వోల్టేజీ పడిపోతే కంట్రోల్ యూనిట్ సాయాన్ని నిలిపివేస్తుంది. ముందుగా, బ్యాటరీ వైరు విప్పకముందే, స్కానర్‌తో ఎర్రర్ కోడ్ చదివించండి. వైరు తీస్తే కొన్ని కార్లలో కోడ్ చెరిగిపోతుంది. ఇంజను నడుస్తుండగా, ఏసీ, హెడ్‌లైట్లు వేసి స్టీరింగ్ తిప్పుతూ బ్యాటరీ వద్ద మల్టీమీటర్ పెట్టించండి. సాధారణంగా 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి; 12కు దిగజారితే బ్యాటరీనో, దాన్ని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నో అనుమానించాలి. మీది సముద్రపు గాలి తగిలే ఊరు, కాబట్టి బాడీకి బిగించిన ఎర్త్ వైరు కొసను విప్పించి చూడండి. పైకి శుభ్రంగా కనిపించినా బోల్టు కింద పచ్చటి చిలుము పట్టి ఉండవచ్చు. ఇవన్నీ సరిగా ఉండి, కోడ్ టార్క్ సెన్సర్‌నో (స్టీరింగ్‌ను మీరు తిప్పే బలాన్ని కొలిచేది) మోటారునో చూపితేనే కాలమ్ మాట ఆలోచించండి. అంతవరకు హైవే ఎక్కకండి. నడుస్తుండగా బిగిస్తే ఇగ్నిషన్ మాత్రం కట్టేయకండి: స్టీరింగ్ లాక్ పడవచ్చు, బ్రేకూ గట్టిపడుతుంది. బలంగా పట్టి తిప్పితే చక్రాలు తిరుగుతాయి. మెల్లగా పక్కకు ఆపండి.