వంశధార వెంట రెండు రోజులు

చిరంజీవి లలితకు,

డిసెంబర్ సెలవుల్లో పిల్లల్ని తీసుకుని శ్రీకాకుళం వస్తున్నావని మీ నాన్న చెప్పాడు. నువ్వు పంపిన లిస్టు చూశాను. అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, శ్రీముఖలింగం, భీమిలి దారిలో తొట్లకొండ, అన్నీ రెండు రోజుల్లోనే! అలా తిరిగితే చెప్పులు విప్పడం, వేసుకోవడమే మిగులుతుంది తల్లీ. తొట్లకొండ తీసెయ్, విశాఖ వెళ్లినప్పుడు చూడొచ్చు.

కొండ మీది బౌద్ధ క్షేత్రం శాలిహుండానికి ఒక పూట పూర్తిగా ఉంచు. శుక్రవారం మాత్రం వద్దు, ఆ రోజు మ్యూజియానికి సెలవు. మిగతా రోజుల్లోనూ పదింటికి గానీ తియ్యరు కాబట్టి, ఎండెక్కకముందే కొండెక్కేసి తర్వాత మ్యూజియానికి రండి. పైన ఇటుకల స్తూపాలున్నాయి. బండిచక్రానికి ఊచల్లా ఇటుకలు పేర్చి కట్టిన పెద్ద స్తూపం పిల్లలకు తప్పక చూపించు. అక్కడ నిలబడి కింద వంశధారను, అది సముద్రంలో కలిసే కళింగపట్నం వైపును చూస్తే, రేవు దగ్గర్లోనే భిక్షువులు ఎందుకు స్థిరపడ్డారో వేరే చెప్పక్కర్లేదు. ఈ చోటుని 1919లో వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి పంతులుగారే. ఆయన్ని వాడుక భాష ఒక్కదానికే గుర్తుపెట్టుకున్నాం! మ్యూజియంలో బౌద్ధ దేవతలు తార, మారీచి విగ్రహాల దగ్గర తొందరపడకు. బుద్ధుడొక్కడే ఉంటాడనుకుని వెళ్లేవాళ్లకు ఇంతమంది దేవతలు కనిపించడం ఆశ్చర్యమే.

సాయంత్రం ముఖలింగం. ఊరి మొదట్లోనే సోమేశ్వరాలయం. ముందు మంటపం లేదు, శిఖరం ఒక్కటే నిటారుగా ఉంటుంది. చాలామంది కారు ఆపకుండా పెద్ద గుడి, మధుకేశ్వరుడి దగ్గరికి వెళ్లిపోతారు. నువ్వు దిగు. పొద్దు వాలేవేళ గోడల మీద బొమ్మలు స్పష్టంగా కనిపిస్తాయి. ఒకప్పుడు కళింగాన్ని ఏలిన తూర్పు గాంగుల శిల్పుల పనితనం నా మటుకు నాకు ఇక్కడే ఎక్కువ నచ్చుతుంది. మధుకేశ్వరాలయంలో దర్శనం అయ్యాక ప్రాకారమంతా ఒకసారి చుట్టి రండి. పూజ జరిగే గుడి కదా, గర్భగుడిలో ఫొటోలు వద్దు.

శ్రీకూర్మం మర్నాడు పొద్దున్నే. మధ్యాహ్నం గుడి మూసేస్తారు. మంటపంలో పాత రంగుల చిత్రాలున్నాయి, పిల్లలు చేతులు పెట్టకుండా చూసుకో. అరసవల్లి ఆదివారం పెట్టుకోకు, క్యూలో టెన్షన్ తప్ప ఏమీ ఉండదు.

ముఖలింగం వైపు హోటళ్ల మీద ఆశ పెట్టుకోవద్దు. పులిహోర మీ పెద్దమ్మ కట్టిస్తుంది, ముందురోజు ఫోన్ చెయ్.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న