డాక్యుమెంటరీ వల్ల పాత ప్రభుత్వ హింసకు శిక్షలు పడతాయా?

నేరుగా పడవు, దేశమంతా నోరు మెదపని విషయాన్ని నలుగురూ మాట్లాడుకునేలా చేయడమే డాక్యుమెంటరీ చేయగలిగే పని. కడప, అనంతపురం కాలేజీల్లో ఇలాంటి చిత్రాలు చూసిన విద్యార్థులకు సహజంగా వచ్చే సందేహమే ఇది.

చంపించింది ప్రభుత్వమే అయినప్పుడు పాఠ్యపుస్తకంలో, టీవీలో కథ చెప్పేదీ ప్రభుత్వమే. బాధితులు భయంతో మౌనంగా ఉండిపోతారు. ఆ ఒంటిగొంతు కథనాన్ని ప్రశ్నించాలంటే ఒక మనిషి ముఖం కనిపించాలి, మాట వినిపించాలి.

ఇండోనేషియా సంగతి చూడండి. 1965-66లో సైన్యం అండతో కనీసం 5 లక్షల మందిని కమ్యూనిస్టులనే ముద్ర వేసి చంపారు. తన కథనంతో తీయించిన సినిమాను ప్రభుత్వం 1998 దాకా ఏటా ప్రజలకు చూపించింది. 2014లో వచ్చిన ‘ద లుక్ ఆఫ్ సైలెన్స్’ అనే డాక్యుమెంటరీలో, ఆ హత్యల్లో చనిపోయిన ఒకరి తమ్ముడు కళ్లద్దాలు అమర్చే వృత్తిలో ఉంటాడు. ఒక హంతకుడి కళ్లకు పరీక్ష అద్దాలు మార్చి మార్చి పెడుతూనే ఆ హత్యల గురించి నెమ్మదిగా అడుగుతాడు. ఎంత గుండెనిబ్బరం కావాలి దానికి! చిత్రానికి పనిచేసిన స్థానికుల్లో చాలామంది భద్రత కోసం పేర్లు కూడా వేసుకోలేదు.

తెరమీద ఒప్పుకుంటే కేసు తేలినట్టేనని చాలామంది పొరబడతారు. ఆ హంతకులపై అక్కడ విచారణ జరగలేదు. 2023 జనవరిలో అప్పటి అధ్యక్షుడు జోకో విడోడో ఆ హత్యలను తీవ్ర మానవహక్కుల ఉల్లంఘనగా అంగీకరించి విచారం తెలిపారు, క్షమాపణ మాత్రం చెప్పలేదు.