అమ్మ మొక్కు, నా ప్రేమ, గురుపట్టం: ఏది నా దారి?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో కథోలిక కుటుంబం. నాకు 21 ఏళ్లు, బీకాం ఫైనలియర్. నేను పుట్టినప్పుడు నన్ను ఫాదర్‌ని చేస్తానని అమ్మ గుణదల మాతకు మొక్కుకుంది. ఆల్టర్ బాయ్‌గా పెరిగాను, నాకూ ఆ జీవితం ఇష్టమే. కానీ మా విచారణలోనే (మా చర్చి పరిధిలోనే) ఒక అమ్మాయిని రెండేళ్లుగా ప్రేమిస్తున్నాను. రెండు పిలుపులూ దేవుడివే అనిపిస్తోంది. పేతురుగారికి కూడా పెళ్లయింది కదా? ముంబైలో పెళ్లయిన డీకన్లు (ఫాదర్ కన్నా ఒక మెట్టు కింది పట్టం పొందినవాళ్లు) ఉన్నారని విన్నాను. జూన్‌లో సెమినరీలో (ఫాదర్ల శిక్షణాలయంలో) చేరమంటారా?

జవాబు: ముందు అమ్మగారి మొక్కు సంగతి చూద్దాం. మీ టెన్షన్‌లో సగం అదే. శ్రీసభ (కథోలిక సంఘం) చట్టం 1193వ నిబంధన ప్రకారం మొక్కు దాన్ని మొక్కినవారికే వర్తిస్తుంది. అమ్మ మిమ్మల్ని మరియమాత చేతుల్లో పెట్టారు, అది ప్రేమతో చేసిన పని. కానీ మీ తరఫున గురుపట్టానికి, అంటే ఫాదర్ కావడానికి, ఒప్పుకోవడం ఆమె వల్ల కాదు. మొక్కు తీరలేదని ఆమె మనసు కుదుటపడకపోతే విచారణ గురువు దగ్గరికి తీసుకెళ్లండి. తగిన కారణం ఉంటే ఆ మొక్కు నుంచి ఆమెకు విడుదల ఇచ్చే అధికారం ఆయనకు ఉంది.

పేతురుగారి అత్తకు జ్వరం వచ్చిన సంగతి మార్కు సువార్త మొదటి అధ్యాయంలోనే ఉంది, కాబట్టి మీరన్నది నిజమే. పోపుగారి కిందే ఉంటూ సొంత ఆచారాలు పాటించే తూర్పు సభల్లో ఒకటైన ఉక్రెయిన్ గ్రీకు కథోలిక సభలో ఈ రోజుకీ పెళ్లయిన గురువులు ఉన్నారు. అయితే గుంటూరు పీఠం (బిషప్‌గారి పరిధి) లాటిన్ రీతిది, అంటే రోము సంప్రదాయానిది. ఇక్కడ గురువు కావాలంటే బ్రహ్మచర్యం తప్పదు. ఆదిలాబాద్ పీఠం తూర్పు సభల్లో ఒకటైన సీరో మలబారు సభది, అక్కడి గురువులూ బ్రహ్మచారులే. ఇంకో మాట గుర్తుంచుకోండి. పెళ్లయినవాళ్లు పట్టం పొందడం కొన్ని సభల్లో ఉంది గానీ, పట్టం పొందాక పెళ్లి చేసుకుని సేవలో కొనసాగడం తూర్పు సభల్లో కూడా లేదు. ముందు ఫాదర్ అయిపోదాం, రూల్స్ మారాక పెళ్లి చూసుకుందాం అనే ఆలోచన మనసులో ఏ మూల ఉన్నా ఇప్పుడే తీసేయండి.

డీకన్ల గురించి మీరు విన్నది నిజం. రెండవ వాటికన్ మహాసభ తర్వాత 1967లో ఆరవ పౌలు పోపుగారు శాశ్వత డీకన్ల సేవకు నియమాలు ఇచ్చారు. పెళ్లయినవారికి కనీసం 35 ఏళ్లు ఉండాలి, మూడేళ్ల శిక్షణ ఉంటుంది, భార్య సమ్మతి తప్పనిసరి. జ్ఞానస్నానం ఇవ్వవచ్చు, పెళ్లిళ్లు జరిపించవచ్చు, సువార్త చదివి ప్రసంగించవచ్చు, సమాధి ప్రార్థనలు చేయవచ్చు. దివ్యపూజ అర్పించడం, పాపసంకీర్తనం (పాపాల ఒప్పుకోలు) వినడం మాత్రం ఉండదు. భార్య చనిపోతే మళ్లీ పెళ్లి కుదరదు. మీ పీఠంలో ఈ శిక్షణ ఉందో లేదో విచారణ గురువునే అడగండి. ఉన్నా మీకు ఇంకా 14 ఏళ్లు ఆగాలి. ఆలోగా పెళ్లి, పిల్లలు, ఉద్యోగం, అన్నీ నడవాలి. డీకన్ అవుదామనే లెక్కతో పెళ్లి చేసుకోకండి. ఆ అమ్మాయి మీ ప్లాన్‌లో ఒక మెట్టు కాదు.

ఇక మిమ్మల్ని నిజంగా లాగుతున్నది ఏదో చూడండి. గురుపట్టం పొందే రోజు పూలదండలూ బ్యాండూ కాదు, మామూలు ఆదివారం చూడండి. ఒక వారం మీ ఫాదర్ వెంట ఉండండి. తెల్లవారకముందే బయలుదేరి, రెండు పల్లెల్లో పూజ చేసి, దారిలో మంచంలో ఉన్న ముసలమ్మకు సత్ప్రసాదం ఇచ్చి, మధ్యాహ్నం రెండింటికి బంగళాకు వస్తారు. టిఫిన్ క్యారియర్ విప్పి, చల్లారిన పప్పన్నం ఒక్కరే కలుపుకుంటారు. ఆ టేబుల్ దగ్గర మిమ్మల్ని మీరు ఊహించుకోండి. మనసు తేలికపడుతుందా, గుబులు పుడుతుందా? పసిబిడ్డ ఉన్న మీ అక్క ఇంట్లోనో అన్న ఇంట్లోనో కూడా నాలుగు రోజులు ఉండి రండి, అర్ధరాత్రి జ్వరం చూసుకునేది ఎవరో తెలుస్తుంది. దివ్యపూజే మీ ప్రాణమైతే డీకన్ సేవతో ఆ ఆకలి తీరదు. జబ్బుపడ్డవాళ్లను చూడటం, పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పడం మీకు ఇష్టమైతే, ఆ పని పట్టం లేకుండానే ఈ వారం నుంచే మొదలుపెట్టవచ్చు.

సెమినరీలో చేరడం అంటే ప్రమాణం చేసినట్టు కాదు. తత్వశాస్త్రం, మధ్యలో విచారణ అనుభవం, నాలుగేళ్ల దైవశాస్త్రం కలిపి ఏడెనిమిదేళ్లు పడుతుంది. గురువు కాబోయేవాళ్లు కూడా ముందు డీకన్ పట్టం పొందుతారు, బ్రహ్మచర్యానికి అందరి ముందూ మాట ఇచ్చేది ఆ పట్టానికి ముందు. అప్పటిదాకా గౌరవంగా బయటికి రావచ్చు. "సెమినరీ నుంచి తిరిగొచ్చేశాడు" అని ఊరు అంటుందనే భయంతో ఇష్టం లేకుండా పట్టం దాకా వెళ్లిన అబ్బాయి బాధను నేను దగ్గరగా చూశాను. ఆ పరిస్థితి మీకు రాకూడదు.

నన్నడిగితే ఈ జూన్‌లో వద్దు. బీకాం పూర్తి చేయండి, ఏడాది ఉద్యోగం చేయండి. పీఠంలో దైవపిలుపుల డైరెక్టర్ ఫాదర్‌ని కలిసి, ప్రేమ సంగతి కూడా దాచకుండా చెప్పండి. నెలకోసారి మాట్లాడటానికి ఒక ఆత్మీయ గురువును పెట్టుకోండి. వచ్చే ఏడాది ఈపాటికి కూడా మనసు రెండుగానే ఉంటే సెమినరీ గేటు దాటవద్దు.

వీటన్నిటికన్నా ముందు, ఈ ఆదివారమే ఆ అమ్మాయికి అంతా చెప్పండి. "నా కోసం ఆగు" అని అడగకండి. ఆమె వయసు, ఆమె ఇంట్లో వస్తున్న సంబంధాలు మీ నిర్ణయం కోసం ఆగవు. నిజం విన్నాక ఆమె కోప్పడవచ్చు, ఏడవవచ్చు, నాకు వద్దని వెళ్లిపోవచ్చు. మధ్యలో ఆపకుండా పూర్తిగా వినండి, తర్వాతే ఫాదర్ దగ్గరికి వెళ్లండి.