అమ్మడూ, రంగు డబ్బా అప్పుడే కొనకు

అమ్మడూ,

మొన్న వీడియో కాల్‌లో ఇల్లంతా తిప్పి చూపించావు కదా, అప్పుడే చెబుదామనుకున్నా, ఇంతలో బుజ్జిగాడు ఫోన్ లాక్కున్నాడు. అందుకే కూర్చుని రాస్తున్నా. ఇల్లు బాగుంది. పాతికేళ్ల ఫ్లాటయితేనేం, పై అంతస్తయితేనేం, గాలీ వెలుతురూ ఉన్నాయి, కిటికీలు టేకువి. ఇంటీరియర్ వాళ్ల కొటేషన్ విని నువ్వు డీలా పడిపోయావని మీ అమ్మ చెప్పింది. ఈఎమ్ఐ కట్టాక నెలకి మీ చేతిలో ఎంత మిగులుతుందో నేను ఊహించగలను, కాబట్టి ఆ కొటేషన్ కాగితం పక్కన పెట్టెయ్యి. దాని కోసం క్రెడిట్ కార్డు మీద వాయిదాలు మాత్రం పెట్టొద్దు, ఆ మాట అల్లుడుగారికి కూడా చెప్పు. ట్రాన్స్‌ఫర్ల మీద ట్రాన్స్‌ఫర్లతో నేనూ మీ అత్తయ్యా ముప్పై ఏళ్లలో ఏడిళ్లు మారాం, అన్నిటికీ లప్పం (అదే, గోడ నున్నన చేసే పుట్టీ) దగ్గర్నుంచి రంగు దాకా మేమే వేసుకున్నాం. మీరిద్దరూ శని, ఆదివారాలు కూర్చుంటే చాలా పని మీ చేతుల మీదే అయిపోతుంది.

అయితే ముందు రంగు జోలికి పోకు. నువ్వు షేడ్ కార్డు చూపిస్తూ మురిసిపోతుంటే నేను చూసింది నీ వెనకాల గోడని. బాత్రూమ్‌కి ఆనుకుని ఉన్న ఆ గోడ కింది భాగంలో రంగు పొక్కులొచ్చి, తెల్లగా ఉప్పు పట్టి ఉంది. అది చెమ్మ. దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా నిలవదు. నా మొదటి సొంత ఖర్చు అలాగే పోయింది. గోడ చెమ్మగా ఉందని చెప్పినా వినకుండా షాపతను మందపాటి రంగొకటి అంటగట్టాడు, దీపావళికి వేశాం, మళ్లీ వానాకాలం వచ్చేసరికి పెచ్చులు పెచ్చులుగా ఊడి మంచం మీద పడింది. ఆ నెల జీతంలో సగం దానికే అయింది, మీ అత్తయ్య ఆ పెచ్చులు ఊడ్చుకుంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

చెమ్మ ఎక్కణ్ణుంచి వస్తోందో తెలుసుకోడానికి పైసా ఖర్చు లేదు. అడుగు పొడవూ అడుగు వెడల్పూ ఉన్న పాలిథిన్ కవరు ముక్క తీసుకుని, నాలుగు వైపులా గాలి దూరకుండా టేపుతో గోడకి అంటించు. రెండు రోజులు ఆగి చూడు. కవరు లోపలి వైపు, అంటే గోడ వైపు నీటిబొట్లు కనిపిస్తే తడి గోడలోంచి వస్తున్నట్టు. గది వైపు కనిపిస్తే అది గాలిలో తేమ, ఆ గదికి కిటికీలు తీసిపెట్టి ఫ్యాన్ తిప్పితే సరిపోతుంది. గోడలోంచే అయితే, ఆ బాత్రూమ్ మూడు రోజులు వాడకుండా పొడిగా ఉంచండి, మీకు ఎలాగూ రెండోది ఉంది కదా. మరక ఆరుతూ వస్తే టైల్స్ సందుల్లోంచి నీళ్లు దిగుతున్నాయి. పాత సున్నమూ మురికీ గీకేసి, కొత్తగా గ్రౌట్ (టైల్స్ సందుల్లో పెట్టే పిండి) నింపి, ఒకటిన్నర రోజు నీళ్లు తగలకుండా ఉంచితే చాలు, ఆ పని నువ్వే చేసుకోవచ్చు. ఎంతకీ ఆరకపోతే గోడలో పైపు లీకవుతోంది, అప్పుడు ప్లంబర్‌ని పిలవాల్సిందే. అక్కడ డబ్బుకి వెనకాడకు.

ఇంకొకటి, ఇది బుజ్జిగాడి గురించి, జాగ్రత్తగా చదువు. ఆ కిటికీలకీ గ్రిల్స్‌కీ ఉన్న పాత ఎనామిల్ రంగులో సీసం, అంటే లెడ్, ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇళ్లకి వాడే రంగుల్లో సీసం 90 పీపీఎమ్, అంటే పది లక్షల వంతుల్లో 90 వంతులు, దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది, మీ ఫ్లాటు అంతకంటే చాలా పాతది. ఆ రంగుని పొడిగా గీకితే దుమ్ము నేల మీద పడుతుంది, పిల్లాడు పాకి ఆ చేతులే నోట్లో పెట్టుకుంటాడు. సీసం పిల్లల మెదడుకి చేసే చెడు మళ్లీ సరిదిద్దలేనిది. కాబట్టి పాత రంగు గట్టిగా ఉన్నచోట గీకొద్దు, సబ్బునీళ్లతో కడిగి దాని మీదే వేసెయ్యండి. పొక్కులొచ్చినచోట మాత్రం నీళ్లు చల్లుకుంటూ వాటర్ పేపర్‌తో తడిగానే రుద్దాలి, కింద పాత దుప్పటి పరిచి, పనయ్యాక తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేసెయ్యాలి. చీపురుతో ఊడవద్దు. ఆ రెండు రోజులూ పిల్లాణ్ణి మీ అత్తగారి దగ్గర వదిలిపెట్టు.

తర్వాత ఎండ సంగతి. పై అంతస్తు కాబట్టి ఏప్రిల్‌లో ఆ స్లాబు కాలి రాత్రి పదింటికి కూడా సెగ కక్కుతుంది. ఏసీ కొనే ముందు మేడ మీద సున్నం కొట్టించండి, అసోసియేషన్ వాళ్లని అడిగి. తెల్లటి కప్పు ఎండని వెనక్కి కొడుతుంది, ఇది మన తాతల నాటి పద్ధతే, తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ పెట్టింది కూడా ఇందుకే. ముందు పగుళ్లు పూడ్చి, మేడంతా కడిగి, రాత్రి నానబెట్టిన సున్నాన్ని గుడ్డలో వడకట్టి, కాస్త జిగురు కలిపి, పొద్దున్నే ఎండెక్కక ముందు రెండు చేతులు వెయ్యాలి. సున్నం రాళ్లు నీళ్లు పడగానే సలసలా ఉడుకుతాయి, ఇనప డ్రమ్ములోనే నానబెట్టు, ప్లాస్టిక్ బకెట్లో వద్దు. కళ్లద్దాలూ గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. వానలకి కొంత కొట్టుకుపోతుంది, మళ్లీ ఏడాది వెయ్యాలి. డబ్బులున్నప్పుడు రెడీమేడ్ కూల్ రూఫ్ పెయింట్ వేయించుకుందురు గానీ.

ఇక నీకు ఇష్టమైన రంగు. ఇల్లంతా ఒకేసారి మొదలెట్టొద్దు, చిన్న పిల్లాడున్న ఇంట్లో అన్ని గదుల సామానూ హాల్లోకి వస్తే నాలుగో రోజుకే మీ ఇద్దరికీ గొడవలొస్తాయి. ఒక గది పూర్తి చేసి, సర్దుకుని, అప్పుడు రెండోది. లెక్క నేర్చుకో. పది పన్నెండు అడుగుల గది, ఎత్తు పది అనుకో, చుట్టుకొలత 44 అడుగులు, గోడలు 440 చదరపు అడుగులు, తలుపూ కిటికీ తీసేస్తే 400. లీటరు రంగు రెండు చేతులు వెయ్యడానికి సుమారు 55 చదరపు అడుగులకి వస్తుందనుకుంటే ఏడు లీటర్ల పైచిలుకు కావాలి. డబ్బా మీద ఎంత వస్తుందో రాసి ఉంటుంది, దాంతో సరిచూసుకుని కొను, షాపులో ఇరవై లీటర్లు తీసుకోమంటే తల ఊపకు. ముందు చిన్న డబ్బా తెచ్చి గోడ మీద రెండడుగుల మేర వేసి, పొద్దున, మధ్యాహ్నం, ట్యూబ్‌లైట్ వెలుగులో మూడుసార్లు చూసుకో. షేడ్ కార్డులో చూసిన రంగు గోడ మీద ముదురుగా కనిపిస్తుంది.

అందం అంతా లప్పంలో ఉంటుంది. మందంగా ఒకేసారి పెడితే పగుళ్లిస్తుంది, పల్చగా రెండుసార్లు పెట్టాలి, కలిపింది రెండు గంటల్లో వాడేసేటంతే కలుపుకోవాలి. ఆరాక ఎమరీ పేపర్‌తో రుద్ది, రాత్రి లైట్లన్నీ ఆర్పేసి టార్చి గోడకి ఆనించి పక్కవాటంగా వెయ్యి. పగలు నున్నగా కనిపించిన గోడ మీద ప్రతి గుంటా, ప్రతి గీతా నీడతో సహా కనిపిస్తుంది. వాటి చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టుకుని పొద్దున్నే సరిచేసుకో. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను. దుమ్ము తడిగుడ్డతో తుడిచి, ప్రైమర్ వేసి, అప్పుడు రంగు. అంచులు బ్రష్‌తో రెండు మూడు అంగుళాలు వేసి, అవి ఆరక ముందే రోలర్ అందుకోవాలి, అందుకే ఇద్దరు కావాలి. ఒకరు బ్రష్, ఒకరు రోలర్. మాస్కింగ్ టేపు రంగు పూర్తిగా ఎండక ముందే పీకెయ్యాలి, లేకపోతే పెచ్చుతో సహా వస్తుంది.

కరెంటు పని మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు, అల్లుడుగారు ఇంజినీరైనా సరే. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకయితే వెంటనే సప్లై ఆపేసే స్విచ్, ఉందో లేదో అడగండి, లేకపోతే సోఫా కంటే ముందు అది పెట్టించండి. పిల్లాడు ప్లగ్గులో వేలు పెట్టే వయసు. మీరు గోడకి డ్రిల్ వేసేటప్పుడు స్విచ్‌బోర్డుకి సరిగ్గా పైనా కిందా వెయ్యొద్దు, వైర్లు సాధారణంగా ఆ వరసలోనే దిగుతాయి. బీరువానీ పుస్తకాల అలమారనీ ఎల్ క్లాంపులతో గోడకి బిగించండి, పిల్లలు అరలు పట్టుకుని ఎక్కుతారు.

కర్టెన్లకి డబ్బు పెట్టొద్దని మీ అత్తయ్య మరీ మరీ చెప్పమంది. పాత మంగళగిరి నేత చీరలు మీ అమ్మ దగ్గర బోలెడున్నాయి. అయిదున్నర మీటర్ల చీర అంటే 18 అడుగులు, ఏడడుగుల గుమ్మానికి పైనా కిందా మడతలతో కలిపి రెండు కర్టెన్లు వస్తాయి, ఇంకా రెండున్నర అడుగులు మిగిలితే దిండు గలీబులకి సరిపోతుంది. అంచు రెండు పక్కలా నిలువుగా దిగుతుంది కాబట్టి విడిగా బోర్డరు కుట్టక్కర్లేదు, పైట చెంగు వచ్చే ముక్కని హాలు గుమ్మానికి వేసుకో. పడమటి కిటికీకి మాత్రం వెనకాల పాత తెల్ల పంచె లైనింగుగా వేసి కుట్టు, సాయంత్రం ఎండ ఆగుతుంది. కిటికీ వెడల్పుకి దాదాపు రెట్టింపు గుడ్డ ఉంటేనే కుచ్చిళ్లు బాగుంటాయి, కక్కుర్తి పడి బిగించకు.

సామాన్లకి తొందరపడొద్దు. అమ్మమ్మ ట్రంకు పెట్టె తుప్పు గీకి, రంగేసి, మీద పాత బొంత మడిచి పెడితే ఇద్దరు కూర్చుంటారు, లోపల పిల్లాడి బొమ్మలు పడతాయి. నేలకి వరంగల్ దరీ ఒకటి చాలు, ఉతుక్కోవచ్చు కూడా. హైదరాబాద్ పురానాపూల్ దగ్గర గురువారం పాత సామాన్లమ్మే జుమేరాత్ బజార్‌కి ఓసారి వెళ్లి రండి, చెక్క సామాను తెస్తే మాత్రం ఇంట్లోకి తెచ్చే ముందు జాయింట్లలో నల్లులున్నాయేమో టార్చి వేసి చూసి, ఎండలో పెట్టి, అప్పుడు తెచ్చుకోండి. వంటింట్లో ప్రస్తుతానికి జిడ్డు సర్ఫ్ నీళ్లతో కడిగి ఒక వెలుతురు రంగు వేసుకుంటే చాలు, అరల పని వచ్చే ఏడాది చూద్దాం.

ఎంత అవుతుందో ఒక పుస్తకంలో రాసుకోండి. మీరు వేసిన లెక్క మీద అయిదో వంతు అదనంగా పెట్టుకోండి, పాత ఇల్లు ఏదో ఒకటి బయటపెడుతుంది.

వచ్చే నెల రెండో శనివారం నేనూ మీ అత్తయ్యా వస్తున్నాం. పెద్ద నిచ్చెన తప్ప నా పుట్టీ బ్లేడ్లూ, రోలరూ అన్నీ తెస్తాను, నిచ్చెన వాచ్‌మన్‌ని అడిగి ఉంచు. ఈలోగా ఆ గోడకి పాలిథిన్ కవరు అంటించి, రెండు రోజులయ్యాక ఫోటో తీసి పంపు. చూసి ఫోన్ చేస్తా.

మీ మావయ్య